ఉడికే గింజ, తినే నోరు

మిర్యాలగూడ బాయిల్డ్ బియ్యాన్ని గుప్పెడు అరచేతిలో పోసుకుని వెలుతురుకు పట్టి చూడండి. పచ్చి బియ్యం గింజ నడుమ కనిపించే సుద్దలాంటి తెల్ల మచ్చ ఇందులో ఉండదు. ఈ కొస నుంచి ఆ కొస దాకా ఒకే లేత పసుపు రంగు, లోపలి దాకా వెలుతురు దిగే నునుపు. పంటి కింద పెడితే టక్కున రెండు ముక్కలవుతుంది తప్ప పిండి రాలదు. ముక్కుకు దగ్గరగా పెట్టుకుంటే పులిసిన వాసన రాకూడదు. మంచి సరుకైతే రాదు కూడా.

ఈ గింజ వెనక ఎంత పనితనం ఉందో, ఆ పని ఎవరివల్ల పుడుతోందో చెప్పడానికే ఈ వ్యాసం. ఉద్యోగాలు ఎక్కడ నుంచి వస్తాయన్న దానిమీద అర్థశాస్త్రంలో పాత తగాదా ఒకటుంది. డబ్బున్నవారికి పన్ను తగ్గిస్తే వారు పెట్టుబడి పెడతారు, దాంతో పనులు పుడతాయని ఒక వాదన. సరుకు కొనేవాళ్లుంటేనే ఎవరైనా మనిషిని పనిలో పెట్టుకుంటారు, కొనే శక్తి లేనిచోట ఎంత పెట్టుబడైనా తాళం వేసుకుని కూర్చుంటుందని రెండోది. ఈ తగాదాకు జవాబు వెతకడానికి తెలంగాణలో మిర్యాలగూడ, కోదాడ, సూర్యాపేట దారిలో నడిచే మిల్లులకన్నా మంచి చోటు నాకు తెలియదు.

అసలు వడ్లను ఉడికించడం ఎందుకు? యాసంగి వరి ఏప్రిల్, మే నెలల్లో కోతకొస్తుంది. మా దిక్కు ఆ ఎండ నలభై డిగ్రీలు దాటుతుంది. పగలు కాలి, రాత్రి చల్లబడి, గింజ పొట్టులోపలే సన్నగా పగులుతుంది. పైకి ఏమీ కనిపించదు. ఆ వడ్లను నేరుగా మరపడితే బియ్యం బదులు నూకలు రాలుతాయి. నానబెట్టి, ఆవిరి పట్టి, ఆరబెడితే గింజలోని పిండి పదార్థం కరిగి మళ్లీ గట్టిపడి పగుళ్లను లోపల నుంచే పూడ్చేస్తుంది. విరగాల్సిన గింజ నిలబడుతుంది. మామూలు మాటల్లో చెప్పాలంటే బాయిల్డ్ మిల్లు మా ఎండ చేసిన గాయాన్ని మాన్పే వైద్యశాల. దాంతోపాటు పొట్టు కింద తవుడులో ఉండే బి విటమిన్లు కొంతవరకు గింజలోకి దిగుతాయి. పాలిష్ పట్టినా అవి పూర్తిగా పోవు.

పాత పద్ధతిలో వడ్లను చన్నీళ్ల తొట్లలో రెండు మూడు రోజులు నానవేసేవారు. నీళ్లు పులిసేవి, ఆ వాసన అన్నం దాకా వచ్చేది. మైసూరులోని కేంద్ర ఆహార సాంకేతిక పరిశోధన సంస్థ వేడినీళ్ల పద్ధతిని రూపొందించాక ఆ బెడద తగ్గింది. సుమారు 65 నుంచి 70 డిగ్రీల వేడిలో మూడు నాలుగు గంటలు నానితే చాలు. చదవడానికి సులువుగా ఉంది కదా. తొట్టి దగ్గర నిలబడ్డ మనిషికి అంత సులువు కాదు. ఒక లారీలో వచ్చిన వడ్లు దొడ్డువి, ఇంకో ట్రాక్టర్‌లోవి నడిరకం. ఒక రైతువి పొలం నుంచి నేరుగా వచ్చిన పచ్చివి, ఇంకొకరివి కల్లంలో వారం ఎండినవి. అన్నీ ఒకే వేగంతో నీళ్లు పీల్చవు. తక్కువ నానితే నడుమ తెల్లమచ్చ మిగులుతుంది. ఎక్కువ నానితే పొట్టు నోరు తెరిచి గింజ ఉబ్బుతుంది, రంగు ముదురుతుంది. తొట్టి అడుగు నుంచి పిడికెడు తీసి, నాలుగు గింజలు వేళ్ల మధ్య నలిపి, ఒకటి కొరికి, ఇంకో పావుగంట ఆగాలో నీళ్లు వదిలేయాలో చెప్పే మనిషి ప్రతి మిల్లులో ఒకరుంటారు. ఆ పావుగంట మీదే ఆ తొట్టెడు వడ్ల భవిష్యత్తు ఉంటుంది.

తర్వాత ఆవిరి. ఇది నిమిషాల పని. పొట్టు కొంచెం విచ్చుకున్నట్టు కనిపించడం ఆవిరి సరిపోయిందనడానికి గుర్తు. అక్కడితో ఆపాలి. ఆపకపోతే గింజ గట్టిపడి, పసుపు దాటి గోధుమ రంగులోకి పోతుంది. కేరళ కొనుగోలుదారుడికి ఒక రంగు కావాలి, తమిళనాడుకు మరో రంగు కావాలి. ఆవిరి వాల్వు తిప్పే చేతికి ఆ తేడా తెలిసి ఉండాలి.

ఇక నాకు అన్నిటికన్నా గొప్పగా తోచేది ఆరబెట్టడం. ఆవిరి నుంచి బయటికొచ్చిన వడ్లలో మూడోవంతుకు పైగా నీరే. దాన్ని 14 శాతం దగ్గరికి తేవాలి. ఒక్క ఊపున వేడిగాలి కొట్టి తెస్తే అప్పటిదాకా మాన్పిన గింజ మళ్లీ పగులుతుంది. అందుకని డ్రయ్యర్‌లో పదహారు, పద్దెనిమిది శాతం దగ్గర ఆపి, కొన్ని గంటలు వడ్లను ఊరికే వదిలేస్తారు. గింజ నడుమ ఉన్న తడి అంచులకు వచ్చి సర్దుకుంటుంది. ఆ తర్వాతే రెండో విడత గాలి. ఏమీ చేయకుండా ఆగిన ఆ గంటలే గింజను కాపాడతాయి. ఆగడం కూడా ఒక పనేనని తెలిసినవాడే మంచి డ్రయ్యర్ మనిషి. 'మ్యాచర్ (తేమ) వచ్చిందా?' అనేది సీజనంతా మిల్లులోనూ, ఐకేపీ కొనుగోలు కేంద్రంలోనూ, కల్లంలోనూ వినపడే ప్రశ్న. రైతు 17 శాతానికి తేవాలి, మిల్లు 14కు తేవాలి. తేమ మీటరు వచ్చి ఏళ్లవుతున్నా పాత పనివాళ్లు ముందు కొరికి చూసి, తర్వాతే మీటరు వైపు చూస్తారు.

ఆరిన వడ్లు రబ్బరు రోళ్ల మధ్య నడుస్తాయి. రెండు రోళ్లూ వేర్వేరు వేగాలతో తిరుగుతుంటే పొట్టు జారిపోతుంది, గింజ నలగదు. రోళ్ల మధ్య సందు వెంట్రుకవాసి ఎక్కువైతే వడ్లు వడ్లలాగే కిందికొస్తాయి, తక్కువైతే నూక. తర్వాత పాలిషర్, జల్లెడ, చివర్న రంగు తేడా పట్టి నల్లగింజను గాలిదెబ్బతో ఎగరగొట్టే సార్టెక్స్ యంత్రం. ఆపైన సంచి, కాంటా, కుట్టు. భారత ఆహార సంస్థకు (ఎఫ్‌సీఐ) ఇచ్చేదైతే 290 క్వింటాళ్ల లాటు కడతారు, మిల్లుల వాళ్లు దాన్ని 'ఏసీకే' అంటారు. ఇటీవలి ఏళ్లలో రేషన్ బియ్యంలో వంద కిలోలకు ఒక కిలో చొప్పున పోషకాలు చేర్చిన గింజలు కలపాల్సి వచ్చింది. ఆ కలపడం సమానంగా ఉండాలి. ఏ సంచి విప్పినా అదే పాళ్లు కనబడాలి.

ఈ మొత్తంలో పారేసేది దాదాపు ఏదీ లేదు. క్వింటాలు వడ్లకు ఇరవై కిలోలకు పైగా ఊక వస్తుంది. ఆ ఊకే బాయిలర్‌కు కట్టె. వడ్లను ఉడికించే మంట వడ్ల పొట్టు నుంచే పుడుతుంది. ఊక బూడిద ఇటుక బట్టీలకు పోతుంది. తవుడు నూనె మిల్లులకు పోతుంది. ఉడికిన వడ్ల తవుడులో నూనె పచ్చి తవుడులోకన్నా ఎక్కువ ఉంటుంది, త్వరగా చెడదు. నూకలు కోళ్ల దాణాకూ పిండికీ పోతాయి. ప్రభుత్వ వడ్లను మరపట్టి ఇచ్చినందుకు కేంద్రం కట్టే కూలి చాలా ఏళ్లుగా క్వింటాలుకు పచ్చి బియ్యానికి 10 రూపాయలు, బాయిల్డ్‌కు 20 రూపాయలు. క్వింటాలు వడ్లకు పచ్చి బియ్యమైతే 67 కిలోలు, బాయిల్డైతే 68 కిలోలు అప్పగించాలి. అంత తక్కువ కూలితో మిల్లు ఎట్లా నిలుస్తుందంటే తవుడు, నూక, ఊక మీద, అంతకు మించి సరుకు పరిమాణం మీద. రాత్రింబవళ్లు నడిస్తేనే మిల్లు. ఆగిన మిల్లుకు ఏ లెక్కా కుదరదు.

ఇక్కడే తగాదాలోని మొదటి వాదనను నిలబెట్టి చూద్దాం. 2019 సెప్టెంబరు 20న కేంద్ర ఆర్థిక మంత్రి నిర్మలా సీతారామన్ కంపెనీల పన్నును, మినహాయింపులు వదులుకునే వారికి 22 శాతానికి తగ్గించారు. కొత్తగా తయారీ రంగంలోకి వచ్చేవారికి 15 శాతం. ఖజానాకు ఏడాదికి 1.45 లక్షల కోట్లు తగ్గుతాయని ప్రభుత్వమే చెప్పింది. స్వతంత్ర భారతంలో అంత పెద్ద కంపెనీ పన్ను కోత అరుదు. ఆ మేలు ఇటువైపు ఎంత వచ్చింది? భాగస్వామ్య సంస్థగా నడిచే మిల్లుకు ఆ 22 శాతం వర్తించదు. దానికి ఎప్పటిలాగే 30 శాతం. పల్లెకు, చిన్న పట్నానికి దగ్గరగా పని పుట్టించే వ్యాపారాన్ని పక్కనబెట్టి, పని పుట్టిస్తుందని చెప్పి పెద్ద కంపెనీకి కోత ఇచ్చారు. దాని ఫలితం గురించి ప్రభుత్వం వారి మాటే ఉంది. 2024 జులైలో వచ్చిన ఆర్థిక సర్వే, కంపెనీల లాభాలు 2020 నుంచి 2023 మధ్య దాదాపు నాలుగింతలు పెరిగాయనీ, నియామకాలూ జీతాలూ ఆ వేగాన్ని అందుకోలేదనీ రాసింది.

సరే, మిల్లులకూ ఆ కోత ఇచ్చి ఉంటే? ఈ ప్రశ్నకు సరిపోయే అనుభవం అమెరికాలో, గోధుమలు పండే కాన్సాస్ రాష్ట్రంలో ఉంది. అక్కడ గవర్నర్ శామ్ బ్రౌన్‌బాక్ 2012లో భాగస్వామ్య సంస్థల వంటి వ్యాపారాల ఆదాయం మీద రాష్ట్ర పన్ను పూర్తిగా ఎత్తేశారు. చెప్పినన్ని ఉద్యోగాలు రాలేదు. బడ్జెట్‌లో గండి పడింది, బడులకూ రోడ్లకూ డబ్బు కరువైంది. 2017లో ఆయన సొంత పార్టీకి ఆధిక్యం ఉన్న చట్టసభే ఆయన వీటోను తోసిపుచ్చి పన్ను మళ్లీ పెట్టింది. అమెరికా ఆర్థికవేత్త ఓవెన్ జీడర్ 2019లో అచ్చయిన తన పరిశోధనలో రెండో ప్రపంచ యుద్ధం తర్వాతి పన్ను మార్పులను పరిశీలించి, తక్కువ ఆదాయం ఉన్నవారికి పన్ను తగ్గినప్పుడే ఉద్యోగాలు పెరిగాయని, పై పది శాతం వారికి తగ్గించినప్పుడు ఆ ప్రభావం స్వల్పమని చూపించారు.

రెండో వాదనను చూడటానికి కాన్సాస్ దాకా పోనక్కర్లేదు. 2021లో కేంద్రం, ఇకమీదట తెలంగాణ నుంచి బాయిల్డ్ బియ్యం తీసుకోలేమని చెప్పింది. ఉడికించిన బియ్యం తినే రాష్ట్రాలు సొంతంగా పండించుకుంటున్నాయి, గోదాముల్లో ఏళ్లకు సరిపడా నిల్వ ఉంది అనేది దాని కారణం. ఆ నవంబరులో అప్పటి ముఖ్యమంత్రి కేసీఆర్ హైదరాబాద్ ఇందిరా పార్క్ దగ్గర ధర్నాకు కూర్చున్నారు, 2022 ఏప్రిల్ 11న ఢిల్లీలో ఇంకోసారి. యాసంగిలో వరి వేయొద్దని రాష్ట్ర ప్రభుత్వమే రైతులకు చెప్పింది, సాగు తగ్గింది. తర్వాత కేంద్రం కొంత బాయిల్డ్ బియ్యానికి ఒప్పుకుంది గానీ, ఆ మధ్యకాలం నేర్పిన పాఠం చిన్నది కాదు. మిల్లులు అక్కడే ఉన్నాయి. బాయిలర్లు, డ్రయ్యర్లు, సార్టెక్సులు అన్నీ ఉన్నాయి. పెట్టుబడి అంతా పెట్టేసి ఉంది, నేర్పు కూడా ఉంది. తినేవాడి పేరు జాబితాలో నుంచి పోయింది, అంతే. అప్పుడు ఏ పన్ను రాయితీ ఇచ్చి ఉంటే ఆ తొట్టిలో నీళ్లు వేడెక్కేవి?

దీనికి తలకిందుల ఉదాహరణ అంతకుముందు ఏడాదే జరిగింది, నేను మరిచిపోలేనిది. 2020 లాక్‌డౌన్‌లో దేశంలోని వలస కూలీలు ఎందరో సొంతూళ్లకు నడుస్తున్నారు. హోలీకి బిహార్ వెళ్లిన మిల్లు హమాలీలు అక్కడే చిక్కుకున్నారు. ఇక్కడ యాసంగి వడ్లు ఎప్పుడూ లేనంతగా వచ్చిపడ్డాయి. ప్రతి గింజా కొంటామని రాష్ట్ర ప్రభుత్వం మాట ఇచ్చింది. కొన్న వడ్లను దించేదెవరు, ఎత్తేదెవరు? మే నెల 8న బిహార్‌లోని ఖగడియా నుంచి ఒక ప్రత్యేక రైలు రెండు వందల మందికి పైగా కార్మికులతో లింగంపల్లి స్టేషన్‌కు వచ్చింది. అప్పటి రాష్ట్ర మంత్రి గంగుల కమలాకర్ ఎదురెళ్లి స్వాగతం చెప్పారు. అక్కడ నుంచి వారిని మిర్యాలగూడతో సహా మిల్లులున్న ఊళ్లకు బస్సుల్లో పంపారు. దేశమంతా రైళ్లు పనిలేని మనుషులను ఇంటికి మోస్తున్న నెలలో ఒక రైలు మనుషులను పనికి మోసుకొచ్చింది. పన్నులు అక్కడా ఇక్కడా ఒకటే. తేడా ఏమిటంటే ఇక్కడ వడ్లకు కొనుగోలుదారుడున్నాడు.

మొదటి వాదనలో నిజం అసలే లేదని అనను. బాయిల్డ్ ప్లాంటు కోట్ల రూపాయల పని. ఎవరో ఒకరు ఆ డబ్బు పోగేసి, బ్యాంకు అప్పు తెచ్చి, నష్టానికి సిద్ధపడి పెట్టాలి. ఆ సాహసం చేసినవారికి గౌరవం దక్కాలి. కానీ వారు ఆ డబ్బు ఇక్కడే ఎందుకు పెట్టారు? 1955 డిసెంబరు 10న నెహ్రూ పునాదిరాయి వేసిన నాగార్జునసాగర్, 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీ నీళ్లు వదిలిన కాల్వలు. ఎడమ కాల్వ మిర్యాలగూడ, హుజూర్‌నగర్, కోదాడ నేలలను తడిపింది. నీళ్లు వచ్చాయి గనక వరి వచ్చింది, రేషన్ దుకాణం ఉంది గనక కొనేవాడున్నాడు, ఆ రెండూ ఉన్నాయి గనక మిల్లు వచ్చింది. పెట్టుబడి ఆ వరుసలో మూడోది. అంతేకాదు, గిరాకీ పెరగకుండా చేతిలో డబ్బు మాత్రమే మిగిలితే మిల్లు యజమాని దానితో చేసే సహజమైన పని మనుషుల బదులు యంత్రం కొనడం. కల్లంలో ఎండలో వడ్లు తిరగేసిన ఆడవాళ్ల పని డ్రయ్యర్‌కు పోయింది, బియ్యంలో రాళ్లూ నల్లగింజలూ ఏరిన వారి పని సార్టెక్స్‌కు పోయింది. యంత్రం వద్దని కాదు. యంత్రం వచ్చాక కూడా మనుషులకు పని మిగలాలంటే సరుకు అంతకంతకూ ఎక్కువ కదలాలి.

కదిలిన సరుకు వెంట డబ్బు ఎట్లా కదులుతుందో చూడాలంటే సూర్యాపేట వ్యవసాయ మార్కెట్‌కు పోవాలి. రాష్ట్రంలో వడ్లకు పేరుమోసిన మార్కెట్లలో అదొకటి. సీజన్‌లో యార్డు నిండా రాశులు, కాంటాల దగ్గర తూకం వేసే దడ్వాయిలు, చాటలతో తాలు చెరిగే ఆడవాళ్లు, బస్తా భుజానికెత్తి లారీ పలక మీదుగా నడిచే హమాలీలు. హమాలీ నడకను గమనించండి. పలక ఊగుతుంది, దానితోపాటు మోకాలు ఊగుతుంది, బస్తా మాత్రం ఊగదు. సంచి ఎక్కడ వేస్తే పైన ఇంకో ఏడెనిమిది వరసలు జారకుండా నిలుస్తాయో వారికి కొలత అక్కర్లేకుండా తెలుసు. ఆ కూలి సాయంత్రం ఊళ్లోనే ఖర్చవుతుంది, కిరాణాకొట్టులో, బట్టల షాపులో, పిల్లల ఫీజులో, ఆసుపత్రిలో. రైతు చేతికొచ్చిన డబ్బు కోదాడ దాకా పోయి ఎరువుల దుకాణం బాకీ తీరుస్తుంది, ట్రాక్టర్ కిస్తీ కడుతుంది, ఇంటిమీద ఇంకో గది వేయిస్తుంది. ఆ గదికి మేస్త్రీ కావాలి, సిమెంటు పక్కనే హుజూర్‌నగర్, మేళ్లచెరువు ఫ్యాక్టరీల నుంచి వస్తుంది. సంపన్నుడికి మిగిలిన పన్ను డబ్బు ఏ నగరంలో ఏ షేరులోకి పోతుందో చెప్పలేం. హమాలీకి పెరిగిన పది రూపాయలు మాత్రం ఊరు దాటకముందే నాలుగు చేతులు మారతాయి.

మిల్లు కూలికే ఇది పరిమితం కాదు. 2006లో ఉపాధి హామీ పథకం మొదలైన మొదటి 200 జిల్లాల్లో ఉమ్మడి నల్లగొండ ఒకటి. అప్పట్లో మిర్యాలగూడ, కోదాడ, సూర్యాపేట మూడూ ఆ జిల్లావే. ఆ పథకం కింద ఎండాకాలం చెరువు మట్టి తవ్విన కూలి కూడా ఇట్లాగే ఊళ్లోనే చేతులు మారింది.

తినేవారి కోరిక మారితే మిల్లు పనితనం కూడా మారాల్సిందే. 2025 ఉగాది నాడు, మార్చి 30న, ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డి హుజూర్‌నగర్‌లో రేషన్‌కు సన్నబియ్యం పథకం మొదలుపెట్టారు, మనిషికి ఆరు కిలోలు. సన్న వడ్లకు క్వింటాలుకు 500 రూపాయల బోనస్ అంతకుముందు వానాకాలంలోనే మొదలైంది. పేదింటి పళ్లెంలోకి సన్నబియ్యం రావడం నాకు ఎంతో సంతోషం కలిగించిన సంగతి. దొడ్డుబియ్యాన్ని చాలామంది తినలేక అమ్ముకునేవారు, ఆ అమ్మకంలో రాయితీ అంతా దళారికి పోయేది. ఇప్పుడు ఇచ్చింది తింటారు. అంటే అది నిజమైన గిరాకీ. సన్న గింజను విరగకుండా పచ్చిగా మరపట్టడం ఉడికించడం కన్నా భిన్నమైన నేర్పు. రోళ్ల సందు, పాలిష్ ఒత్తిడి, వడ్లను నిల్వ ఉంచి పాతబరచడం, అన్నీ వేరు. దాదాపు అదే సమయంలో తెలంగాణ దొడ్డురకం బియ్యం కాకినాడ రేవు నుంచి ఫిలిప్పీన్స్‌కు ఓడలో వెళ్లింది. మనీలాలో అన్నం వండుకునే ఇల్లు కూడా ఈ మిల్లులకు యజమానే.

ఖజానాలో వదులుకోగల డబ్బు ఉంటే దాన్ని ఎక్కడ పెట్టాలని ఎవరైనా నన్ను అడిగితే, మొదట తినేవాడి చేతిలో, కూలివాడి రేటులో అంటాను. రెండోది కొనుగోలు కేంద్రాల దగ్గర పైకప్పు, డ్రయ్యర్లు. అకాల వర్షానికి తడిసి మొలకెత్తిన వడ్లు ఏ పనితనానికీ అందవు. మూడోది ఇంతవరకు పెద్దగా ఎవరూ పట్టించుకోని సంగతి. బాయిలర్ నడిపే మనిషికి పరీక్ష ఉంది, సర్టిఫికెట్ ఉంది, దానివల్ల ఇంకో మిల్లుకు పోయినా అతని విలువ తగ్గదు. తొట్టి దగ్గర గింజ కొరికి చూసే మనిషికీ, డ్రయ్యర్‌ను ఆపాల్సిన చోట ఆపే మనిషికీ సాధారణంగా అలాంటిది ఉండదు. వారి పేరు మస్టర్‌లో 'కూలీ' అనే ఉంటుంది. బియ్యంలో నూక శాతం తగ్గించేది వారే గనక, ప్రతి లాటులో ఆ తగ్గిన నూకకు విలువ కట్టి అందులో కొంత వారి కూలిలో కలపవచ్చు. లెక్క కష్టమేం కాదు. ఎఫ్‌సీఐ నాణ్యత తనిఖీలో నూక శాతం ఎలాగూ ప్రతి లాటుకూ రాస్తున్నారు.